పదకొండో ప్రశ్న

నాచారం,
ఫిబ్రవరి 4, 1991

పరిశోధకుల పాలిటి కామధేనువు హైమక్కయ్యకు, తమ్ముడు ఉమామహేశ్వర్ నమస్కారాలు.

నువ్వు పంపిన ప్రశ్నాపత్రం అందింది. నీ డాక్టరేటు గ్రంథంలోంచి అన్ని ప్రశ్నలూ స్వదస్తూరీతో ఎత్తి రాసి పంపావంటే పెద్దనాన్న కూతురివనిపించుకున్నావు. దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ కట్టాను కదా, చివరి ఏడాది పరిశోధనా వ్యాసం రాసి తీరాలన్నారు. నేనెంచుకున్న అంశం 'కార్మికుల సంతాన సంఖ్యకూ వారు పెట్టే సెలవులకూ గల సహసంబంధం'. మా కుక్కర్ గాస్కెట్ల ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసరుగా నాలుగేళ్ల నుంచి సెలవు చీటీల మీద సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి అరిగిపోయింది. ఇప్పుడు ఆ చీటీలే నాకు డిగ్రీ తెచ్చిపెట్టబోతున్నాయి.

మొన్న నూట ఇరవై మంది చేతా ఫారాలు నింపించాను. పుస్తకంలో చెప్పినట్టు ముందుగా సమ్మతి పత్రం మీద సంతకాలు తీసుకున్నాను. నూటికి నూరు శాతం సమ్మతి! ఇంత సహకారం ఏ దేశంలోనూ దొరికి ఉండదు. ఘనతంతా మా సూపర్‌వైజర్ ఉప్పలయ్యది. పదకొండు గంటల చాయ్ వేళకి క్యాంటీన్ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "సంతకం వెట్టినోళ్లకే చాయ్. వెట్టనోళ్లు మంచినీళ్లు తాగి పోండ్రి" అన్నాడు. పది నిమిషాల్లో పని పూర్తయింది. నేను కూడా బల్లెక్కి అందరికీ మాటిచ్చాను: "మీ జవాబులు నాకూ ఆ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలియవు" అని. చప్పట్లు కొట్టారు.

చదువురాని వాళ్లకు నేనే చదివి వినిపించి జవాబులు రాసుకున్నాను. ప్యాకింగులో దానమ్మ అని ఒకామె ఉంది, అన్నోజిగూడ నుంచి వస్తుంది. నీ పదకొండో ప్రశ్న చదివాను, 'మీకు బిడ్డలెందరు?' అని.

"బిడ్డల్లేరు సారు. మస్తు ఆశ ఉండె గని దేవుడియ్యలే" అంది.

నా మనసు కరిగిపోయింది. "దిగులు పడకమ్మా, దేవుడిస్తాడులే" అన్నాను. ఆమె నావంక అదోలా చూసి చాయ్ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఉప్పలయ్య చెప్పాడు, ఆమె భర్త పోయి నాలుగేళ్లయిందట. పరిశోధకుడు ఓదార్పుల జోలికి పోరాదని అందుకే అంటారు కాబోలు.

బావగారికి నమస్కారాలు.
ఉమ


హనుమకొండ,
ఫిబ్రవరి 16, 1991

చిరంజీవి ఉమకు, ఆశీస్సులతోబాటు నాలుగు అక్షింతలు కూడా.

నీ ఉత్తరం చదివి సగం నవ్వాను, సగం తల పట్టుకున్నాను. ఒరేయ్, చాయ్ ఆపి తీసుకునేది సమ్మతి కాదు, వసూలు. సెలవు ఇచ్చేవాడివీ నువ్వే, సెలవు ఎందుకు పెడతావని అడిగేవాడివీ నువ్వే అయితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? కాదనే వీలున్నప్పుడే అవునన్న మాటకు విలువ. ఇరవై ఏళ్లుగా క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠమిది. నువ్వు నా క్లాసులో లేకపోవడం నా అదృష్టం.

రెండో సంగతి. ముందే హెచ్చరిస్తున్నాను, లెక్కల్లో ఏ సహసంబంధం తేలినా ఎగిరి గంతెయ్యకు. శివరాత్రికి మీ పక్కన కీసరగుట్ట నిండా జనం ఎక్కుతారు. ఆ వారమే చలి శివశివా అంటూ పోతుంది. ఏటా జరుగుతుంది, ఒక్క ఏడు కూడా తప్పదు. అంతమాత్రాన జనం గుట్టెక్కి చలిని తరిమేశారని వ్యాసం రాస్తావా? రెండు విషయాలు జతగా నడిస్తే ఒకదాన్నొకటి నడిపిస్తోందని కాదు.

మూడోది ముఖ్యం. ఫారాల మీద పేర్లుండకూడదు, నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న కాగితం నీ దగ్గర తాళంలో ఉండాలి, పని కాగానే పొయ్యిలోకి పోవాలి. మాటిచ్చావు, నిలుపుకో.

ప్రశ్నాపత్రంలో మాత్రం ఒక్క అక్షరం మార్చకు. అది వరంగల్ బీడీ కార్మికుల మీద పరీక్షించి నిగ్గు తేల్చిన సాధనం. ఆ పదకొండో ప్రశ్న కోసం మా గైడుతో నెల రోజులు పోట్లాడాను. ఆయన 'సంతానం ఎంత?' అని పెట్టమన్నారు. అది పండితుల మాట, 'బిడ్డలు' అయితే జనం మాట అని నేను పట్టుబట్టాను. జనానికి జనం మాటే అర్థమవుతుందని ముందుమాటలో రాసుకున్నాను కూడా.

మా అత్తగారు కౌసల్యమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. పెళ్లెప్పుడని కూడా.
హైమక్కయ్య


నాచారం,
మార్చి 20, 1991

అక్కయ్యా,

శాస్త్రం చరిత్రలో ఈ తేదీ రాసిపెట్టుకో. మూడు ఆదివారాలు క్యాలిక్యులేటరు ముందు కూచున్నాను. సహసంబంధం సున్నా పాయింట్ నలభై ఆరు! బిడ్డలు ఎక్కువైతే సెలవులు ఎక్కువ. బిడ్డలు లేనివాళ్లే వేళకు వచ్చే బుద్ధిమంతులు.

ఇంకో వింత. నూట ఇరవై మందిలో నలభై నలుగురికి అసలు బిడ్డలే లేరు! మూడో వంతుకు పైమాటే. రబ్బరు ఆవిరి వల్ల ఏమైనా దోషం కలుగుతోందేమోనని నాకు అనుమానం. ఇది కూడా తేలిస్తే డాక్టరేటుకి మరో అంశం దొరికినట్టే.

మా మేనేజరు గంగాధరరావు గారు చార్టు చూసి లేచి నిలబడ్డారు. "ఇన్నాళ్లూ నువ్వు సెలవు చీటీలు దాచే గుమాస్తావనుకున్నానయ్యా, సైంటిస్టువని తెలియలేదు" అన్నారు. సీనియర్ పోస్టొకటి ఖాళీ అవుతోందని కూడా అన్నారు. పటాన్‌చెరులో మా కొత్త యూనిట్ మొదలవుతోంది. అక్కడికి క్రమశిక్షణ గల వాళ్లు కావాలట. నా పరిశోధన దేశానికి ఇంత త్వరగా ఉపయోగపడుతుందని అనుకోలేదు.

నీ గోరంత సాయం నాకు కొండంతయింది.
ఉమ


హనుమకొండ,
ఏప్రిల్ 2, 1991

ఉమకు,

గంగాధరరావు గారికి ఏం చూపించావు? చార్టేనా, ఇంకేమైనానా? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు రాయి.

వేళకు వచ్చేవాళ్లు కావాలంటే హాజరు రిజిస్టరు ఆయన బల్ల మీదే ఉంటుందిగా. అది తెరిచి చూసుకోక బిడ్డల్ని లెక్కపెట్టడమెందుకు? వంకాయ పుచ్చో కాదో కోసి చూడకుండా అమ్మేదాని జాతకం చూసినట్టుంది.

నలభై నాలుగు అనేది నాకూ నచ్చలేదు. కానీ నాకు కొత్త కాదు. నా సిద్ధాంత గ్రంథంలోనూ రెండు వందల మందిలో డెబ్భై ఒక్కరు బిడ్డల్లేరన్నారు. అది డెబ్భై ఆరో సంవత్సరం, ఎమర్జెన్సీ. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి పట్టుకుపోతారన్న భయంతో పిల్లల్ని దాచుకున్నారని మూడో అధ్యాయంలో పద్దెనిమిది పేజీలు రాశాను. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మీ వాళ్లు ఇప్పుడు దేనికి భయపడుతున్నారో కనుక్కో.

ముందు నా మొదటి ప్రశ్నకి జవాబు.
హైమక్కయ్య


ఉప్పల్,
మే 24, 1991

అక్కయ్యా,

నీ ఉత్తరానికీ, తర్వాత రాసిన రెండు కార్డులకీ జవాబు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు. ఆఫీసులో కూచుని రాస్తే ఎవరైనా చూస్తారని ఉప్పల్‌లో నా గదిలోంచి రాస్తున్నాను.

నేను పేర్ల కాగితం ఇచ్చేశాను. ఆయన అడిగారు, కాదనలేకపోయాను. సీనియర్ పోస్టు కళ్ల ముందు ఆడుతోంది. 'చూసి ఇచ్చేస్తా' అన్నారు. చూశారు, ఇవ్వలేదు. బిడ్డల్లేని నలభై నలుగురినీ పటాన్‌చెరుకి బదిలీ చేస్తూ నోటీసు వేశారు. బిడ్డలు లేరు కాబట్టి బడుల గొడవ ఉండదు, ఎక్కడికైనా కదులుతారు అని ఆయన లెక్క. జూన్ పదిహేడున అక్కడ చేరకపోతే పని మానుకున్నట్టేనట.

సోమవారం దానమ్మ నా గదికొచ్చింది. ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకునొచ్చింది.

"వీళ్లెవరు?" అన్నాను.

"నా కొడుకులు సారు. పెద్దోడు ఆరు, చిన్నోడు నాలుగు సదువుతున్నరు. అన్నోజిగూడ నుంచి పటాన్‌చెరుకు మూడు బస్సులు మారాలె. చీకట్ల వోయి చీకట్ల రావాలె. వీళ్లకు బువ్వ ఎవలు వెడ్తరు?"

"బిడ్డల్లేరని నువ్వే చెప్పావు కదమ్మా!"

"లేరు గద సారు."

ఇద్దరూ నా ముందు నిలబడి ఉన్నారు. ఆమె లేరంటుంది! నాకు పిచ్చెక్కినట్టయింది. ఫైలు తీయించాను. ఇ.ఎస్.ఐ. బీమా ఫారంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గంగాధరరావు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఒకటి అబద్ధం. రెండిటి మీదా వేలిముద్ర ఉంది. మెమో ఇయ్యి" అన్నారు. మెమో అంటే పటాన్‌చెరు కూడా ఉండదు, ఏకంగా ఇంటికే. రెండు వారాల గడువు అడిగాను.

ఆమె నాకెందుకు అబద్ధం చెప్పింది? నేనిప్పుడేం చెయ్యాలి?
ఉమ


హనుమకొండ,
జూన్ 1, 1991

ఉమా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు అత్తగారు చింతపండు గింజలు తీస్తోంది. మేనేజరు అన్యాయం ఆమెకూ తెలియాలని బిగ్గరగా చదివాను. 'లేరు గద సారు' దగ్గరికొచ్చేసరికి ఆమె చింతపండు వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఓ పంతులమ్మా, గామె అబద్ధం ఏమాడింది? బిడ్డంటే ఆడివిల్ల. కొడుకంటే కొడుకు. నాకు ముగ్గురు కొడుకులు, ఒక్కతే బిడ్డ. బిడ్డలెందరని నన్నడిగితే ఒక్కతే అంట గని నలుగురంటనా? పదిహేడేండ్ల సంది మా ఇంట్ల ఉంటివి, గిదెరుకలేదా?"

ఎరుకే ఉమా. అదే నా సిగ్గు. 'మా బిడ్డ వస్తుంది' అని అత్తగారు అంటే ఆడపడుచు వస్తోందని పదిహేడేళ్లుగా వంట మొదలుపెడుతూనే ఉన్నాను. ప్రశ్నాపత్రం రాసేటప్పుడు మాత్రం నేను ఈ ఇంటి కోడలిని కాదు, డాక్టరమ్మని. గోదావరి ఒడ్డున మన ఇంట్లో బిడ్డ అంటే ఎవరైనా ఒకటేనని, అదే జనం మాటని పట్టుబట్టాను. ఏ జనం అని నన్ను నేను అడగలేదు.

నా డెబ్భై ఒక్కమంది బీడీ కార్మికులు ఎవరికీ భయపడలేదు. పిల్లల్ని దాచలేదు. అడిగినదానికి నిజం చెప్పారు. పద్దెనిమిది పేజీల నిండా వాళ్లని అబద్ధాలకోరుల్ని చేసింది నేను. ఇప్పుడు దానమ్మ మీదా అదే మచ్చ పడుతోంది.

ఇది తెలిశాక నాలుగు రోజులు ఈ ఉత్తరం రాయకుండా తిరిగాను. ఈ నెలలోనే నాకు యూనివర్సిటీలో రీడరు పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. ఆ గ్రంథం తప్ప నాకు వేరే బలం లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ అత్తగారు రోజూ పొద్దున్నే "ఆ కొడుకుల తల్లి సంగతేమైంది?" అని అడుగుతోంది.

గంగాధరరావు గారికి రాసిన ఉత్తరం దీంట్లో పెట్టాను. ప్రశ్న తప్పు, ప్రశ్న నాది, దానమ్మ చెప్పింది అక్షరాలా నిజం అని రాసి సంతకం చేశాను. తీసుకెళ్లి ఇయ్యి. తప్పులో నా వంతు అది. పేర్లు అప్పగించడం మాత్రం నీ వంతు. దాన్ని కడుక్కునే సబ్బు నా దగ్గర లేదు.
హైమ


ఉప్పల్,
జూన్ 15, 1991

అక్కయ్యా,

నీ ఉత్తరం ఆయనకిచ్చాను. రెండుసార్లు చదివారు. "సరే, మెమో వద్దు, ఆవిడ అబద్ధం చెప్పలేదు. మరి ఆ సున్నా పాయింట్ నలభై ఆరు అలాగే ఉందిగా? బిడ్డలంటే ఆడపిల్లలైతే, ఆడపిల్లలున్నవాళ్లు సెలవులు ఎక్కువ పెడతారన్నమాట. అర్థం మారింది కానీ లెక్క మారలేదు. లిస్టు లిస్టే. బోర్డు మీటింగులో చార్టు గీసి చూపించానయ్యా, ఇప్పుడెళ్లి వాళ్లకి తెలుగు పాఠం చెప్పమంటావా?" అన్నారు.

దానమ్మ దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. తప్పు నీది కాదు, మాటలో వచ్చింది అన్నాను. ఆమె గాస్కెట్లు కవర్లలో వేస్తూనే వింది.

"మాట అర్థం గాకపోవుడు వేరే సారు. మాట దప్పుడు వేరే. నువ్వు బల్లెక్కి ఎవ్వలికి జెప్పనంటివి. మరి గాయనకెట్ల దెలిసింది?"

ఎం.ఏ.లో నీతి మీద నలభై పేజీల పాఠం ఉంది, డెబ్భై రెండు మార్కులు వచ్చాయి నాకు. ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

పదో తారీఖు పొద్దున్న క్యాంటీన్ గోడ మీద, చాయ్ తాగేచోట, ఓ కాగితం అంటించాను. "రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి మీ పేర్ల జాబితాను మేనేజరుగారికి ఇచ్చాను. ఇది నా తప్పు. ప్రశ్న కూడా తప్పు. ఆ జవాబుల మీద ఆధారపడి ఎవరినీ బదిలీ చెయ్యకూడదు. నా పరిశోధనను వెనక్కి తీసుకుంటున్నాను. ఉమామహేశ్వర్, పర్సనెల్ ఆఫీసరు." మూడు ప్రాంతాల తెలుగూ తెలిసినవాళ్లచేత చదివించి, అందరికీ ఒకే అర్థం వస్తోందని తేల్చుకున్నాకే అంటించాను.

ఉప్పలయ్య చదివి, "సారు, గిది చింపాల్నా?" అన్నాడు. వద్దన్నాను. "అయితే జర పక్కకు జరుగుండ్రి, ఎనకోళ్లకు కనవడ్తలేదు" అన్నాడు.

యూనియన్ వాళ్లు నకలు రాసుకుని లేబర్ ఆఫీసుకి పట్టుకెళ్లారు. నలభై నలుగురూ రెండు రోజులు గేటు బయట కూచున్నారు. నిన్న సర్క్యులర్ వచ్చింది: 'పరిపాలనా కారణాల వల్ల బదిలీలు నిలిపివేయడమైనది.' కారణమేదో ఎక్కడా లేదు. అయినా దానమ్మ నాచారంలోనే ఉంది.

నాకు మాత్రం వేరే కవరు ఇచ్చారు. అందులో ఏముందో తర్వాత రాస్తాను. ముందు నీ ఇంటర్వ్యూ సంగతి చెప్పు.
ఉమ


హనుమకొండ,
జూన్ 28, 1991

నా తమ్ముడు ఉమకు,

చాలా రోజుల తర్వాత 'నా' అని రాయాలనిపించింది. గోడ మీద కాగితం గురించి చదివి ఏడ్చాను. అత్తగారు చూసి కళ్లలో కారం పడిందా అనడిగింది. ఔనన్నాను.

ఇంటర్వ్యూకి ముందే యూనివర్సిటీకి రాశాను, నా గ్రంథంలో మూడో అధ్యాయం తప్పు, సవరించుకుంటానని. జవాబొచ్చింది, నీకు పనికొస్తుందని ఎత్తి రాస్తున్నాను: 'ఇచ్చిన పట్టాను తిరిగి తీసుకొను నిబంధన లేదు. మీ గ్రంథమును పదిహేను సంవత్సరములుగా లైబ్రరీ నుండి ఎవరును తీసుకొనలేదు గనుక ఎవరికిని నష్టము వాటిల్లినట్లు భావించుటకు వీలు లేదు.' నష్టం వాటిల్లినామె అన్నోజిగూడలో ఉందని వాళ్లకెవరు చెబుతారు?

ఇంటర్వ్యూలో నేనే ఆ సంగతి ఎత్తాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "బిడ్డలంటే పిల్లలే కదండీ, తప్పేముంది?" అన్నారు. పక్కనున్న వరంగల్ ఆయన, "కాదు సార్, ఆడపిల్లలు" అన్నారు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. నన్నింకేమీ అడగలేదు. పోస్టు వేరేవాళ్లకిచ్చారు. బాధగానే ఉంది, లేదంటే నమ్మకు. కానీ ఇంటికొచ్చి ఆ పుస్తకం అలమారలోంచి తీసి, మూడో అధ్యాయం మీద ఎర్ర సిరాతో 'తప్పు' అని రాశాను.

ఆ వేరే కవరులో ఏముంది?
హైమక్కయ్య


ఉప్పల్,
జూలై 7, 1991

అక్కయ్యా,

వేరే కవరులో పటాన్‌చెరు ఉంది. సీనియర్ పోస్టు వేరేవారికి వెళ్లింది. నా బదిలీ కాగితంలో కారణం కూడా రాశారు: 'అవివాహితులు, సంతానము లేదు, కావున కదులుటకు ఇబ్బంది లేదు.' నలభై నలుగురి బదులు చివరికి వెళ్లేవాణ్ని నేనొక్కణ్నే. నా పరిశోధన నా ఒక్కడికే నిజమైంది.

వెళ్లేముందు సర్వే మళ్లీ చేశాను. ఈసారి చాయ్ అందరూ తాగేశాక అడిగాను, మేనేజరు ఎదురుగా లేనప్పుడు. యాభై ఏడుగురు ఒప్పుకున్నారు, అరవై ముగ్గురు వద్దన్నారు. వద్దన్న ప్రతి ఒక్కరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను. పదకొండో ప్రశ్న 'కొడుకులెందరు, బిడ్డలెందరు?' అని మార్చాను. సహసంబంధం సున్నా పాయింట్ సున్నా అయిదుకి పడిపోయింది. అంటే ఏమీ లేదు. చివర్లో ఒక కొత్త ప్రశ్న చేర్చాను, సెలవు ఎందుకు పెడతారు అని. దానమ్మ జవాబు, "మా దిక్కు వచ్చే ఘట్‌కేసర్ బస్సు రాకుంటే సారు. ముందే అడిగితే ముందే చెప్తుంటి గద." అదే జవాబు ఇంకో ముప్ఫై ఒక్కమందిది. వ్యాసం వచ్చే ఏడాదికి వాయిదా పడింది. అంశం కూడా మార్చేశాను: 'బస్సులు'.

నిన్న సాయంత్రం ఉప్పల్ బస్టాపులో దానమ్మ కనిపించింది. పక్కన ఇద్దరు కొడుకులు, చేతిలో కూరల సంచి. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"పటాన్‌చెరు వోతున్నవంట గద సారు. మూడు బస్సులు మారాలె. పైలం."

వెళ్తున్నానన్నాను. ఆమె బస్సొచ్చింది. కొడుకుల్ని ముందు ఎక్కించి తనూ ఎక్కి కిటికీ పక్కన కూచుంది.

"నీకు బిడ్డలున్నరా సారు?" అనడిగింది.

లేరన్నాను.

"కొడుకులు?"

వాళ్లూ లేరన్నాను. అసలు పెళ్లే కాలేదని చెప్పేలోగా బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, బస్టాపులో నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అంది:

"ఫికర్ జెయ్యకు సారూ, దేవుడిస్తడు తియ్యి!"

ఉమ